వాటా వేసిన మాత్రలు

మీ ఇంట్లో ఎవరో ఒకరు రోజూ షుగరు మాత్ర మింగుతున్నారు కదా, అది వాళ్ల ఒంట్లో ఏం చేస్తోందని ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. రక్తంలో చక్కెర పెరిగింది, మాత్ర దాన్ని కరిగిస్తుంది, అంతే కదా అనుకుని ఉంటారు. గ్రహణం వేళ ఎందుకు తినకూడదని, ఫలానా వారం ఎందుకు బయల్దేరకూడదని నిలదీసే మా హేతువాద సభల్లో కూడా ఈ ప్రశ్న ఎవరూ వేయగా నేను వినలేదు. తెలియనిదాన్ని కళ్లు మూసుకుని మింగడం ఎక్కడైనా ఒకటే, తీర్థమైనా, మాత్రైనా. నాచేత ఆ ప్రశ్న అడిగించింది మా అప్ప కాలు.

మా వైపు అక్కను అప్ప అంటాం. గోపాలపూర్ దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో ఆమె కాపురం. మా తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, గొడవ ముదిరితే రెండూ. నేను చదువు పేరుతో బరంపురం చేరి అక్కడే ఉద్యోగస్తుణ్ణయ్యాను. అప్ప పడవలు ఒడ్డెక్కే చోట చేపలు వేలంలో పాడుకుని, ఆటోలో బరంపురం బజారుకు తెచ్చి అమ్ముతుంది. మా బావ సముద్రం మీదికి పోయే ఓపిక లేక ఇంటిపట్టునే ఉన్నాడు. ఆ ఇల్లు నడిచేది అప్ప కాళ్ల మీదే.

ఒకనాడు ఒడ్డున చేపలు ఏరుతుంటే జెల్ల చేప ముల్లు ఆమె కుడిపాదంలో, బొటనవేలి కింద దిగింది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మొనగాళ్లు కూడా ఇసుకలో పొర్లి కేకలు పెడతారు. అప్పకు తెలియనే లేదు; ఏళ్లుగా ఉన్న షుగరు ఆమె పాదాల్లో స్పర్శను చంపేసింది. బజారులో పక్కన కూర్చునే ఆమె నేల మీద రక్తం చూసి, నీ కాలిదేనా, చేపదా అని అడిగితే అప్పుడు వంగి చూసుకుందట. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. వారాలు గడిచాయి, పుండు మానలేదు. అంచులు నల్లబడ్డాయి. ఎవరో వేలు తీసేయాలన్నారు, ఇంకెవరో వేలుతో ఆగదన్నారు. అప్పుడు నాకు ఫోను చేసింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ, భయపడకు, నేనున్నాను అన్నాను. అప్ప నా వైపు తిరగకుండానే అంది:

"కాలు తీసేస్తే సేపల గంప ఎవుడు మోస్తాడ్రా? నీ ఉపన్యాసాలు మోస్తాయా?"

ఆ గంప ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసినావిడ ఒడియా డాక్టరు, బరంపురంలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. అప్పను మావుసీ అని, అంటే పిన్నీ అని, పిలిచింది. పుండు చూసింది. తర్వాత నేను ఎదురుచూడని పని చేసింది. పుండును వదిలేసి, పాదం పైభాగాన కొంచెం జిగురు రాసి, పెన్నులాంటి చిన్న పరికరం ఆనించింది. దానికి ఒక స్పీకరు ఉంది. గదిలోకి చప్పుడు వచ్చింది.

సన్నని, సాగదీసినట్టున్న చప్పుడు. అల వెనక్కి లాగుతున్నప్పుడు ఇసుక సుయ్యిమంటుందే, అది చాలా దూరం నుంచి వింటే ఎలా ఉంటుందో అలా. డాక్టరమ్మ నన్ను కూడా చెప్పు విప్పమంది. నా పాదం మీద పెట్టింది. గది నిండిపోయింది. ఒక్కో దెబ్బా మూడు ముక్కలుగా, కొట్టి, వెనక్కి తగ్గి, మళ్లీ కొట్టి. అది నా రక్తం. ఇన్నేళ్లుగా నా పాదంలో ఇంత రొద జరుగుతోందని నాకు తెలియదు.

నేను మొక్కులు మొక్కని మనిషిని. ఆ గదిలో మాత్రం నా చేతులు నాకు తెలియకుండానే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అప్ప నా పాదం వంకా, తన పాదం వంకా మార్చి మార్చి చూసింది. చేతికీ చీలమండకూ బీపీ కొలిచి, రెండింటికీ మధ్య తేడా చూసి, కాలికి పోయే నాళాలు ఇరుకైపోయాయని డాక్టరమ్మ చెప్పింది. పూర్తిగా మూసుకుపోలేదు, ఇంకా సమయం ఉంది అంది.

షుగరుకీ నాళానికీ ఏమిటి సంబంధమని అడిగాను. అప్పుడు విన్నదీ, ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

రక్తనాళాన్ని మనం గొట్టం అనుకుంటాం. మునిసిపాలిటీ పైపులా, లోపల ఏం పోతున్నా దానికి పట్టనట్టు. అబద్ధం. ప్రతి నాళం లోపలా ఒక పొర ఉంది. ఒకే ఒక్క కణం మందం. గుండె దగ్గర మొదలై కాలి బొటనవేలి కొస దాకా ఎక్కడా తెగకుండా పరుచుకుని ఉంటుంది. దాని మందం మన కంటికి ఆనదు. కానీ అది రక్తం ఒరుసుకుంటూ పోవడాన్ని గుర్తిస్తుంది. ఎక్కువ రక్తం కావాలంటే ఒక వాయువును పుట్టిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్. క్షణాలు బతికి పోయే వాయువు. ఆ కాస్త బతుకులోనే అది నాళం గోడలోని కండరానికి, కొంచెం సడలు అని చెబుతుంది. నాళం విచ్చుకుంటుంది. ఈ పంక్తి మీరు చదువుతుండగా కూడా మీ ఒంట్లో అది జరుగుతూనే ఉంది. ఏ మంత్రం ఇంత పని చేసింది చెప్పండి?

ఇన్సులిన్ అంటే చక్కెరను కణాల్లోకి పంపేదని మాత్రమే మనం విన్నాం. అది ఈ పొరతో కూడా మాట్లాడుతుంది. అన్నం తిన్నాక ఇన్సులిన్ వచ్చి, నాళాలు తెరవండి, రక్తం కండల దాకా పోవాలి అంటుంది. పొర విని వాయువు పుట్టిస్తుంది. రెండో రకం షుగరులో, మొదట్లో ఇన్సులిన్ లేకపోవడం కాదు సమస్య. ఉంటుంది, ఒక్కోసారి మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. ఒళ్లు దాని మాట వినడం మానేస్తుంది. కండలు వినవు, కాలేయం వినదు, నాళాల లోపలి పొర కూడా వినదు. విచ్చుకోవాల్సిన నాళం బిగుసుకునే ఉంటుంది. పొర కరుకెక్కుతుంది, దానికి కొవ్వు అంటుకుంటుంది, మెల్లగా ఇరుకవుతుంది. ఏ నొప్పీ లేకుండా, ఏళ్ల తరబడి.

ఇన్సులిన్ మాట ఒంటికి మళ్లీ వినబడేలా చేసే మందులున్నాయి. అప్ప రోజూ వేసుకునే తెల్లమాత్ర అందులో ఒకటి, మెట్ఫార్మిన్. దాని మూలం ఎక్కడో పశువులు మేసే ఒక మొక్కలో దొరికిందట. మొక్కను మొక్కగానే పూజిస్తూ కూర్చుంటే అది మందయ్యేది కాదు. అందులో ఏది పనిచేస్తోంది, ఏది విషం అని తరాల తరబడి అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి అయింది. పయోగ్లిటజోన్ అని ఇంకో రకం ఉంది. చేతికి పట్టీ బిగించి రక్తం ఆపి, ఒక్కసారిగా వదిలి, నాళం ఎంత విచ్చుకుంటుందో తెర మీద కొలిచే పరీక్ష తాను చదువుకునే రోజుల్లో చూశానని డాక్టరమ్మ చెప్పింది. షుగరు ఉన్నవాళ్లలో నాళం బద్ధకంగా విచ్చుకుంటుందట. ఈ రకం మందులు సరిగ్గా వాడినవాళ్లలో చాలామందికి కొంత మెరుగ్గా విచ్చుకుందట. కొంత అనే మాటను ఆమె నొక్కి పలికింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇక అసలు సంగతి. అప్ప మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటానంది. రోజూ తిన్నాక, ఒక్కరోజు మానకుండా. అది నిజం కూడా. అయినా గడిచిన మూడు నెలల చక్కెర సగటు చూస్తే మాత్రే వేసుకోనట్టు ఉంది. డాక్టరమ్మ నుదురు చిట్లించింది. ఇచ్చిన మోతాదు ఈమెకు చాలడం లేదనుకుని కొత్తమాత్ర, ఆ పయోగ్లిటజోన్, కూడా కలిపి రాసింది. రాస్తూనే, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆపి తన దగ్గరికి రమ్మంది.

దారి పొడుగునా నాకు ఒకటే అనుమానం. ఎవడో తాయెత్తు కట్టి, ఇంగ్లీషు మందు వేసుకుంటే తాయెత్తు పనిచేయదని చెప్పి ఉంటాడు. ఈమె మాత్రలు వేసుకోకుండానే వేసుకున్నానంటోంది. ఆ ఒడ్డున అలాంటివాళ్లతో నాకు పాత వైరం ఉంది. ఊళ్లో దిగగానే వాడెవడో కనుక్కోవాలని మాటలు సిద్ధం చేసుకుంటూ వచ్చాను.

ఇంటికి చేరాం. అప్పకు ఇద్దరు యారాళ్లు, అంటే బావ తమ్ముళ్ల భార్యలు. ముగ్గురివీ ఒకే వాకిలి చుట్టూ ఇళ్లు. అప్ప అరుగు మీద కూర్చుని, చేపలు కోసే కత్తిపీట ముందుకు లాగింది. పొలుసులు ఇంకా దానికి అంటుకునే ఉన్నాయి. సంచిలోంచి మాత్రల అట్టలు తీసి, కత్తిపీట అంచున పెట్టి, చేపను మూడు ముక్కలు చేసినట్టు అట్టను మూడు ముక్కలు చేసింది. పాతమాత్రలు, కొత్తమాత్రలు, రెండూ. నేల మీద మూడు కుప్పలు పెట్టింది. యారాళ్లు ఇద్దరూ కొంగులు పట్టుకుని వచ్చారు.

ఏం చేస్తున్నావని అడిగాను.

"ఏటి సేస్తన్నాను? వాటా ఏస్తన్నాను. ముగ్గురికీ సుగరే కదా. నానొక్కదాన్నే మింగుతూ ఆల్లిద్దర్నీ సూస్తా కూకోమంటావా?"

చిన్న యారాలు నవ్వింది. "అన్నియ్యా, అప్ప తూకంలో మోసం సెయ్యదు. బజార్లో సేస్తాదేమో గానీ ఇంట్లో సెయ్యదు."

ఇందులో తాయెత్తు లేదు, మంత్రగాడు లేడు. ఊరి ఆరోగ్య కార్యకర్త సూది గుచ్చి చూసినప్పుడు ముగ్గురికీ షుగరు ఉందని తేలింది. బరంపురం వెళ్లేది అప్ప ఒక్కతే కాబట్టి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నది ఆమె ఒక్కతే. తెచ్చినదాన్ని ఇంటికి తెచ్చి పంచింది. వీళ్ల జీవితంలో ఏదైనా అలాగే పంచుతారు. పడవ ఒడ్డెక్కితే పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, ఎక్కినవాళ్లందరికీ సమానంగా వాటాలు. సముద్రం మీదికి పోలేని ముసలివాడికీ, మొగుడు పోయిన ఆడమనిషికీ కూర చేపలు. ఒకరు తిని ఇంకొకరు చూడటం ఆ ఒడ్డున సిగ్గుచేటు.

నేను వాదించాను. రోజుకు మూడు రాస్తే ఒక్కొక్కరూ ఒక్కటి చొప్పున, మూడోవంతు వేసుకుంటే ముగ్గురికీ జబ్బు తగ్గదని, ముగ్గురికీ మోసమేనని చెప్పాను. అప్ప తొణకలేదు.

"నువ్వే కదరా సికిటి ఊరి సభలో మైకట్టుకుని సెప్పినావు, మా వాటా పద్దతే మనుసుల్లో అందరికంటే గొప్పదని. సెప్పినావా లేదా?"

చెప్పాను. ఇప్పటికీ చెబుతాను. ఆ మాటతో నన్ను కట్టిపడేసి ఆమె తన పని తాను చేసుకుంటోంది. నడిపి యారాలు, అంటే మధ్యామె, తన కుప్ప తీసుకోవడానికి వంగింది. వంగి లేచేసరికి ఆయాసపడింది. అప్పుడు ఆమె కాళ్లు చూశాను. చీలమండలు వాచి, నున్నగా మెరుస్తున్నాయి. డాక్టరమ్మ చివర్లో చెప్పిన మాట చెవిలో మోగింది. కొత్తమాత్రల ముక్కను ఆమె చేతిలోంచి లాక్కున్నాను. అప్ప నా మీద అరిచింది, ఇంటికొచ్చి ఆడకూతురి చేతిలో మందు లాక్కుంటావా అని. తిట్లు తింటూనే నిలబడ్డాను. చివరికి ఒక్కటే అడిగాను. మర్నాడు ముగ్గురూ నాతో రండి, అక్కడ డాక్టరమ్మ వాటా వేయమంటే నేనే కత్తిపీట పట్టుకుంటాను అన్నాను. అప్ప ఆ పందేనికి ఒప్పుకుంది. నా చేత కత్తిపీట పట్టించాలన్న సరదాతో ఒప్పుకుందని నా అనుమానం.

మర్నాడు డాక్టరమ్మ అంతా వింది. తన మోతాదు చాలలేదనుకున్నానని, అసలు ఆ మోతాదు ఈమె కడుపులోకి పోనేలేదని తనలో తాను అన్నట్టు అంది. తర్వాత ముగ్గురినీ వరసగా పడుకోబెట్టి, ఒక్కొక్కరి పాదం మీదా పెన్ను పెట్టింది. చిన్న యారాలి పాదం గలగలా మాట్లాడింది. అప్ప పాదం నిన్నటిలాగే దూరం నుంచి సుయ్యిమంది. నడిపి యారాలి పాదంలో చప్పుడు ఉంది కానీ, నీటి అడుగు నుంచి వస్తున్నట్టు ఉంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆమె గుండె విన్నది. చాలాసేపు విన్నది. పరీక్షలకు పంపింది. గుండె బలహీనంగా కొట్టుకుంటోందని సాయంత్రానికి తేలింది.

అప్పతో చెప్పింది డాక్టరమ్మ. ఆ కొత్తమాత్ర నాళాలకు మేలు చేస్తుంది, కానీ ఒంట్లో నీరు నిలబెడుతుంది. గుండె గట్టిగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. నడిపి ఆమె తట్టుకోలేదు.

అప్ప అడిగింది. "నాను పంచిందే మింగుంటే, ఇది సచ్చిపోయేదా?"

"చచ్చిపోయేదని చెప్పను, మావుసీ. ఊపిరాడక ఇక్కడికి మోసుకొచ్చేవాళ్లు. ఆ తర్వాత సంగతి నాకూ తెలియదు."

అప్ప నడిపి యారాలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత ఎవరితోనూ కాకుండా అంది:

"వాటా ఏసీది ఒక వల్లో పడిన సేపలకి. మా ముగ్గురి నెత్తురూ ఒక వల్లోది కాదు."

నేను సభల్లో గంటలకొద్దీ మాట్లాడి సాధించలేనిది, ఆ మూడు చప్పుళ్లు సాధించాయి.

ఆ రోజు ముగ్గురి పేర్లూ విడివిడిగా రాయించుకున్నాం. అప్పకు కొత్తమాత్ర ఆపేసి, ముందు పాతది పూర్తిగా, తోడు కొవ్వు తగ్గించే మందూ వేసుకోమంది డాక్టరమ్మ. దాని ఫలితం చూశాకే కొన్ని నెలలకు కొత్తది చిన్న మోతాదులో మొదలుపెట్టింది. నడిపి ఆమెకు గుండె మందులు. చిన్నామెకు తక్కువ మోతాదు, ఎక్కువ నడక. అప్పకు మాత్రం ఇంకో ఆజ్ఞ: చుట్ట మానాలి. మా ఒడ్డున ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, గాలికి ఆరిపోకుండా చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని. మాత్ర నాళాన్ని తెరుస్తుంటే చుట్ట దాన్ని మూస్తుంది, రెండూ ఒకే ఇంట్లో ఉండవు అంది డాక్టరమ్మ. అప్ప దానికి చేసిన రభస మాత్రల గొడవకంటే పెద్దది. నోట్లో నిప్పు లేకపోతే మాట చల్లబడిపోతుందని అప్ప భయమని చిన్న యారాలు అందరికీ చెప్పింది. మాట చల్లబడలేదని నేను హామీ ఇవ్వగలను.

పుండుకు రోజూ కట్టు మార్చారు. నల్లబడిన అంచును కోసి తీసేశారు. మెల్లగా, చాలా మెల్లగా, అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పైకి రావడం చూశాను. పచ్చి పుండు ఎరుపు చూసి ఆనందపడాలని నాకు అంతకుముందు తెలియదు. ఎరుపంటే రక్తం అక్కడిదాకా వస్తోందన్నమాట. ఒకసారి కట్టు విప్పుతుంటే అప్ప అబ్బా అని కాలు లాక్కుంది. అందరం ఆమె ముఖంలోకి చూశాం. చాలాకాలానికి ఆమెకు పాదంలో నొప్పి తెలిసింది. తిట్టుకుంటూనే నవ్వింది.

పుండు మూసుకుంది. వేలు నిలిచింది. అప్ప మళ్లీ గంప ఎత్తింది, ఈసారి ఇసుకలో కూడా చెప్పులతో. పెన్ను మళ్లీ పెట్టినప్పుడు చప్పుడు నా పాదంలో ఉన్నంత లేదు. కానీ దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని హెచ్చరించింది: ఇది ఒక్క మాత్ర గొప్పతనం అనుకోవద్దు, చక్కెర తగ్గడం, చుట్ట మానడం, కట్టు, నడక, కొవ్వు తగ్గించే మందు, అన్నీ కలిసి చేసిన పని, ఎవరి వంతు ఎంతో తానూ చెప్పలేనంది. ఒప్పుకుంటాను. ఏ ఒక్కదాన్నీ పల్లకీ ఎక్కించను. అయినా నా ఆశ్చర్యం తగ్గలేదు. ఏళ్లుగా మాట వినని ఒక పొర, కంటికి కనిపించనంత పలచటి పొర, మళ్లీ వినడానికి ఒప్పుకుంది. మనిషి మనసు మారడానికి నేను జీవితమంతా ఎదురుచూశాను. ఒక రక్తనాళం కొన్ని నెలల్లో మారింది.

ఆ వాకిలి వార్త ఒడ్డంతా పాకింది. మా ఇంట్లోనూ పంచుకుంటున్నామని, మా అత్త మాత్రలే నేనూ వేసుకుంటున్నానని, ఒక్కొక్కరే వచ్చి అప్ప దగ్గర చెప్పడం మొదలుపెట్టారు. ఇది మా ఒడ్డున మాత్రమే జరుగుతోందని మీరు అనుకుంటే నేను నమ్మను. బరంపురంలో చదువుకున్నవాళ్ల ఇళ్లలో మొగుడి మాత్ర పెళ్లాం, అన్న మాత్ర తమ్ముడు వేసుకోవడం తర్వాత నా కళ్లతో చూశాను.

కాబట్టి ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఒకరి పేరున వచ్చిన షుగరు మాత్ర మీ ఇంట్లో ఇంకెవరి నోట్లోకైనా పోతోందేమో ఇవాళే అడగండి. పోతుంటే ఆ రెండోమనిషిని రేపే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సొంత పేరు రాయించండి, గుండె చూడమనండి, చెప్పులు విప్పించి పాదాల్లో రక్తం ఆడుతోందో లేదో చూడమనండి. చూసేదాకా అక్కడి నుంచి కదలకండి.